మన పనులు, మన పనిముట్లు: కొక్కెం మీద బొట్టు

పోయిన సంచికలో బావి గిలక గురించి రాస్తే, చేంతాడు తెగి బిందె బావిలో పడ్డ కథలు చాలామంది చెప్పారు. బిందె పడితే పాతాళ గరిగె వేసి తీసుకోవచ్చు. ఈసారి రాయబోయేది అలా తీసుకోలేని సంగతి.

సత్రపట్టి చూడని వారి కోసం ముందుగా ఒక్క మాట. రాజపాళయానికి దగ్గర్లోని ఈ ఊరు కట్టు గుడ్డకి పేరు. ఆసుపత్రిలో గాయానికి చుట్టే పల్చటి గుడ్డ ఇక్కడి పవర్‌లూమ్ షెడ్లలో నేస్తారు. మగ్గం ఎక్కే ముందు పడుగు నూలుకి గంజి పట్టించి పెద్ద బీముకి చుట్టాలి. నిండు బీము మనిషి ఎత్తే బరువు కాదు. దాన్ని లేపడానికి పైన దూలానికి ఒక చైన్ బ్లాకు వేలాడుతూంటుంది. ఇంట్లో మనం కొక్కెం అంటాం, షెడ్డులో వాళ్ళు కొక్కి అంటారు. బరువంతా మోసేది అదే.

రెండేళ్ళ కిందట ఆయుధపూజకి మా పినతండ్రి కొడుకు తన షెడ్డుకి రమ్మన్నాడు. మిల్లు మెయింటెనెన్సులో ముప్ఫయ్యేళ్ళు చేసి వచ్చినవాణ్ణి కదా, ఎక్కడికి వెళ్ళినా కళ్ళు పైకే పోతాయి. బ్లాకుకి కొత్తగా పసుపుపచ్చ పెయింటు వేయించాడు. కొక్కేనికి గంధం, కుంకుమ బొట్టు, చిన్న పూలదండ. సరిగ్గా దాని కిందే పిల్లలు కూర్చుని బొరుగులు, బెల్లం తింటున్నారు.

"దీన్ని ఆఖరుసారి ఎప్పుడు చూశారురా?" అన్నాను.

"నిన్ననే తుడిచి పెయింటు కొట్టాం కదన్నా!"

"తుడవడం కాదు, చూడటం."

వాడు నవ్వేశాడు. పూజ రోజున కొక్కెం విప్పమంటే ఎవరికైనా కష్టమే. నేనూ ఆ పూటకి ఊరుకుని, పిల్లల్ని మాత్రం అవతలికి పంపించాను. మర్నాడు పొద్దున్నే మళ్ళీ వెళ్ళాను.

పెయింటు వేయడం తప్పు కాదు, తుప్పు పట్టకుండా కాపాడుతుంది. కాని చూడకుండా వేసిన పెయింటు పగుల్ని కప్పేస్తుంది. ఉప్పు కాగితంతో కొక్కెం వంపు దగ్గర రుద్ది ఇనుము బయటపెట్టాం. మా రోజుల్లో పగులు వెతకడానికి ఒక పాత పద్ధతి ఉండేది. కిరసనాయిలు బాగా పట్టించి కాసేపు వదిలేయాలి, పొడిగా తుడిచేయాలి, ఆపైన సుద్దపొడి పల్చగా అద్దాలి. పగులు ఉంటే లోపల దాగిన నూనె సుద్దలోకి ఊరి గీతలా కనిపిస్తుంది. ఇప్పుడు ఇదే పనికి ఎర్ర రంగు ద్రావకం, తెల్ల పూత డబ్బాల్లో దొరుకుతున్నాయి. ఆ రోజు మా దగ్గరున్నవి కిరసనాయిలూ సుద్దముక్కా మాత్రమే.

గీత కనిపించింది. వంపు లోపలి వైపున, గోరంత పొడవు. ముందు రోజు బొట్టు పెట్టింది కూడా దాదాపు అక్కడే. మా తమ్ముడు మాట్లాడలేదు. రోజూ బీము కింద చెయ్యి పెట్టి సర్దే కుర్రాడు మాత్రం, "వెల్డింగు పెట్టేద్దాం సార్" అన్నాడు. మన వాళ్ళందరికీ మొదట తోచేది అదే. కొక్కేన్ని కాచి, సాగగొట్టి, పదును పెట్టి చేస్తారు. వెల్డింగు వేడికి ఆ పదును పోతుంది. పైకి అతికినట్టే ఉంటుంది, లోపల పెళుసు. కనుక కొక్కేనికి వెల్డింగు కూడదు, మార్చడమే.

ఎన్నడూ మోయాల్సిన దానికన్నా ఎక్కువ మోయని కొక్కెం ఎందుకు పగిలింది అని వాడి సందేహం. ఇదే సందేహం సుమారు రెండు వందల ఏళ్ళ కిందట జర్మనీలో విల్‌హెల్మ్ ఆల్బర్ట్ అనే గనుల అధికారికి వచ్చింది. గనిలోని గొలుసులు మామూలు బరువుకే తెగుతుంటే, ఆయన ఒక గొలుసుకి చిన్న బరువునే పదే పదే వేసి చూశాడు. ఒక్క పెద్ద బరువు చేయని పనిని వేలసార్లు మోసిన చిన్న బరువు చేస్తుందని తేలింది. 1834లో ఇనుప తీగలు పేనిన తాడు చేసి గనిలో వాడినది కూడా ఆయనే. అంటే ఇనుము అలిసిపోతుందన్నమాట. మనిషిలా నోరు విప్పి చెప్పదు, అంతే తేడా.

కొక్కెం ఒక్కటే చూస్తే చాలదు. నోరు వెడల్పయిందా, పక్కకి మెలి తిరిగిందా, నోటికి అడ్డంగా ఉండే నాలుక మూసుకుంటోందా చూడాలి. గొలుసు కొత్తగా ఉన్నప్పుడే ఒక పదకొండు లింకుల పొడవు కొలిచి గోడ మీద రాసిపెట్టుకుంటే, సాగిందో లేదో తర్వాత కొలిచి తెలుసుకోవచ్చు. బ్రేకు సంగతి తెలియాలంటే బరువుని నేల నుంచి జానెడు లేపి ఆపి చూడాలి. నిలవకుండా జారితే ఆ బ్లాకు దింపేయాల్సిందే.

తాళ్ళ కోణం సంగతి చదువుకున్న వాళ్ళు కూడా నమ్మరు. 600 కిలోల బీముని రెండు తాళ్ళతో నిట్టనిలువుగా లేపితే ఒక్కో తాడు మీద 300 కిలోలు పడుతుంది. పైన కొక్కెం దగ్గర రెండు తాళ్ళ మధ్య కోణం 60 డిగ్రీలయితే దాదాపు 346. అదే 120 డిగ్రీలు చేస్తే ఒక్కో తాడు మీద మొత్తం 600 కిలోలూ పడుతుంది! తాడు పొట్టిదయినా సరిపెట్టేద్దామనుకుంటే జరిగేది అదే.

పరీక్ష అనేది దానికదే ప్రమాదం లేని పని అనుకోకండి. 2020 ఆగస్టు 1న విశాఖపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డులో 70 టన్నుల క్రేనుని బరువుతో పరీక్షిస్తుండగానే అది కుప్పకూలి 11 మంది పోయారు. ఆ వార్త వచ్చిన రోజు నాకు అన్నం సహించలేదు. పరీక్షప్పుడు కింద, చుట్టుపక్కల మనుషులు ఉండకూడదన్నది నేను మొదట నేర్చుకున్న పాఠం.

ఇక చట్టం. 1948 ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షను ప్రకారం గొలుసులు, తాళ్ళు, ఎత్తే యంత్రాలు కనీసం 12 నెలలకోసారి అర్హత గల వ్యక్తి చేత పూర్తిగా పరీక్ష చేయించి రిజిస్టరు రాయాలి, ఎంత బరువు మోయగలదో దాని మీదే కనిపించేలా ఉండాలి. 2025 నవంబరు 21న ఆ చట్టం స్థానంలో 2020 నాటి భద్రతా కోడు అమల్లోకి వచ్చింది. విద్యుత్తు వాడే చోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ అన్న పాత లెక్క కోడులో 20కి పెరిగింది. ఎనిమిది మంది, పన్నెండు మంది పనిచేసే షెడ్లు మన వైపు ఎన్నో మీకు తెలుసు. అక్కడికి ఎవరో వచ్చి అడుగుతారని ఎదురుచూడడం నాకు సబబుగా తోచదు. ఇది నా అభిప్రాయం, కాదనే వాళ్ళు రాయండి.

కొత్త కొక్కెం తెప్పించే దాకా పది రోజులు బీములు ఎక్కలేదు. తమ్ముడికి నష్టమే. ఆ పది రోజులూ నాతో సరిగ్గా మాట్లాడలేదు కూడా. పాత కొక్కేన్ని పాత ఇనుము వాడికి ఇస్తానంటే అడ్డుపడి, రంపంతో రెండు ముక్కలు కోయించాను. లేకపోతే అది మళ్ళీ ఏ షెడ్డులో వేలాడేదో! ఒక ముక్క ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకుంటున్నాను. పోయిన ఏడు పూజకి వెళితే కొత్త కొక్కెం వంపు శుభ్రంగా ఉంది, బొట్టు దాని పై మెడకి పెట్టారు.