వసంతంలో విత్తనాలా?

వసంతం అనగానే కవిగారికి కోయిల గుర్తొస్తుంది. మా మేనల్లుడికి టమోటా నారు గుర్తొస్తుంది. ఇద్దరిలో కవిగారే నయం. ఆయన వల్ల ఎవరి పెరడూ పాడవలేదు.

ఫాల్గుణం వచ్చేసరికి మావాడు కిటికీ గూట్లో ప్లాస్టిక్ ట్రేలు పేరుస్తాడు. వాటినిండా కొబ్బరిపొట్టు, గుంటకో విత్తనం. పక్కన ఒక ఇంగ్లీషు తోటపని పుస్తకం. ఆఖరిసారి మంచు గడ్డకట్టే తేదీకి ఆరేడు వారాల ముందే ఇంట్లో నారు పోసుకోవాలని అందులో ఉందిట. "ఒరేయ్, తెనాలిలో మంచుగడ్డ కనిపించేది చెరుకురసం బండి మీదేరా" అన్నాను. (లంబసింగి వాళ్లు నన్ను క్షమించాలి.) వింటేనా!

ఆ పుస్తకం రాసినవాడి తప్పేం లేదు. అక్కడ చలికాలమంతా నేల బిగుసుకుపోతుంది. వేసవి చూస్తే పొట్టిది. టమోటా మొలిచి, పూచి, కాసి, పండటానికి అది చాలదు. అందుకని ఇంట్లో వెచ్చగా మొలిపించి, చలి వదలగానే బయట నాటుతారు. మొక్కని చలినుంచి కాపాడటానికి పుట్టిన పద్ధతి అది. మనం కాపాడవలసింది ఎండనుంచి కదా! ఫాల్గుణంలో పోసిన నారు ఉగాది దాటాక నేలలో పడి, పూతకొచ్చేసరికి నడివేసవి. పగటి వేడి 35 డిగ్రీలు దాటితేనే టమోటా పువ్వు నిలవదు. మన 40 డిగ్రీలకి ఇంకేం నిలుస్తుంది?

వేసవి తోట వద్దని నేననను. చలి తగ్గుముఖం పట్టగానే బెండ, దోస, సొర, గోరుచిక్కుడు పెట్టుకుని, నీళ్లు పోసే ఓపిక ఉంటే భేషుగ్గా కాస్తాయి. నా తగువల్లా ప్రతి విత్తనాన్నీ వసంతానికే కట్టేసేవాళ్లతో. మన పెరటికి అసలు వసంతం తొలకరి. వంగ, టమోటా, మిరప నారు వానలు పడ్డాక పోస్తే ఒక కాపు, దసరా రోజుల్లో పోస్తే చలికాలం కాపు. ట్రే అక్కర్లేదు, కిటికీ అక్కర్లేదు.

పోనీ, టమోటా పోతే బజార్లో దొరుకుతుంది. చిక్కుడు సంగతి చెబుతాను వినండి.

మా అమ్మ పోతూ పోతూ మాకు విడిచిపెట్టిన ఆస్తుల్లో ఒక గాజుసీసా ఉంది. అందులో బూడిద కలిపి దాచిన చిక్కుడు గింజలు. వెడల్పు కాయ, అంచున ఊదా గీత. ఏటా రథసప్తమికి ఆ కాయలతోనే రథం కట్టేది, ఆ ఆకుల్లోనే పరమాన్నం పెట్టేది. మా మేనల్లుడు ఆ గింజలన్నీ ఫాల్గుణంలోనే పెట్టేశాడు. నేనూ చూస్తూ ఊరుకున్నాను. తీగ ఏపుగా పాకింది. ఆషాఢానికల్లా పందిరి నిండి వంటింటి కప్పెక్కింది. శ్రావణం వెళ్లింది, భాద్రపదం వచ్చింది. పువ్వన్నది లేదు. "ఇది గొడ్డుతీగ మావయ్యా" అన్నాడు. ఒక ఆదివారం పూట నేనే, ఈ చేతుల్తోనే, మొదలంటా పీకి పారేశాను.

ఆ మాఘంలో రథసప్తమికి చిక్కుడాకులు కొనడానికి బజారుకెళ్లాను. కూరలమ్మే ముసలమ్మ నా కథంతా విని, "చలి సోకందే పందిరి చిక్కుడు పూస్తదా బాబూ? ఇంకో రెండు నెల్లు ఓపిక పట్టకపోయావా" అంది. నా నోట మాట రాలేదు.

ఆవిడ చలి అంది, శాస్త్రం పొద్దు అంటుంది. జూన్‌లో మన పగలు సుమారు 13 గంటలు, డిసెంబరులో 11. పాతకాలపు పందిరి చిక్కుడు పగలు కురచ అయ్యేదాకా పూయదు. ఫాల్గుణంలో పెట్టినా ఆషాఢంలో పెట్టినా పూసేది చలికాలంలోనే. ముందు పెడితే మనకి దక్కేది ఆకులూ ఆరాటమూను.

కొత్తరకాలు లేవా అంటే ఉన్నాయి. బెంగుళూరు ఉద్యాన పరిశోధన సంస్థవారి అర్క జయ్, అర్క విజయ్ లాంటి పొట్టి చిక్కుళ్లు పొద్దుతో నిమిత్తం లేకుండా కాస్తాయి. వాటి పొట్లం మీద ఏ నెలైనా వేయవచ్చని అచ్చు వేసుకోండి, ఒప్పుకుంటాను. పందిరి చిక్కుడు పొట్లం మీదా అదే ముక్క వేస్తే ఎలా? పొట్లానికి ముందువైపు నిగనిగలాడే రంగుల బొమ్మ వేయడానికి ఉన్న చోటు, వెనకవైపు ఏ మాసంలో పెట్టాలో, ఎప్పుడు పూస్తుందో రాయడానికి లేకపోయిందా?

మొన్న సంక్రాంతికి పల్లెటూళ్లో మా పిన్ని దగ్గరికి వెళ్లాను. వాళ్ల పందిరి నిండా వెడల్పు కాయలు, అంచున ఊదా గీత! "అక్కయ్య ఇచ్చిన విత్తనమేరా" అంది. ఎండిన కాయలు ఒలిచి తొమ్మిది గింజలు నా చేతిలో పోసింది.

బూడిద కలిపి అమ్మ సీసాలోనే పోశాను. ఫాల్గుణం రాగానే మావాడు రెండుసార్లు అడిగాడు. సీసా బీరువాలో ఉంది. తాళంచెవి మా ఆవిడ బొడ్లో ఉంది. ఆషాఢం దాకా నన్ను కూడా ముట్టుకోనివ్వనంది.