ముందు గీతలు, తర్వాతే రాతలు

పోయిన నెల మన గోడపత్రిక చూశారు కదా. కథే సగం షీటు తినేసింది. ఆరో తరగతి చెల్లెలు సుగాలీ మాటలను తెలుగు అక్షరాల్లో పెట్టి రాసిన పాట అడుగున మూలకు ఇరుక్కుంది. ఎవరూ చదవలేకపోయినారు. తప్పు ఆ పాపది కాదు, గీతలు కొట్టకుండానే రాయడానికి కూర్చున్న మనది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు నుంచి వచ్చిన మనమంతా ఇంటి ముందర చూసిందే. చుక్కల ముగ్గు వేసే అమ్మ ముందు చుక్కలు పెడతాది, తర్వాతే కలుపుతాది. పేజీకీ అంతే. స్విట్జర్లాండు డిజైనరు జోసెఫ్ మ్యూలర్ బ్రోక్‌మన్ 1981లో ఈ పద్ధతి మీద పుస్తకమే తెచ్చారు.

22 అంగుళాల వెడల్పు షీటులో 6 అంగుళాల కాలమ్‌లు మూడు గీసి, అంచులకూ మధ్యలకూ అంగుళం చొప్పున వదిలితే సరిగ్గా సరిపోతాది. మన అక్షరాలకు పైన గుడులు, కింద ఒత్తులు. కాబట్టి వరుసల మధ్య జాగా ఎక్కువే ఉండాల.

గీతలు కొడితే అందం పోతాదని కొందరంటారు. అవే చుక్కలతో ఎన్ని రకాల ముగ్గులు రావడంలేదు! బొమ్మ పెద్దదైతే రెండు కాలమ్‌లు కలుపుకోవచ్చు. కానీ ఎవరి జాగా వాళ్లకు ముందే ఉండాల.

పెన్సిలు గీతలు చివర్లో రబ్బరుతో చెరిపేద్దాం. ఆ చెల్లెలి పాటను ఈసారి నడిమి కాలమ్‌లో, అందరి కంటికీ ఎదురుగా రాద్దాం.