గూట్లో నాలుగు పెట్టలు చాలు, టీకా మాత్రం మానొద్దు

పై వీడియోలో చూసిన గూడు మా ఇంటి వెనక వసారాలోది. 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు. అందులో నాలుగు పెట్టలు, అంతే. "అన్నా, పది పడతాయి కదా" అని చాలామంది అడుగుతున్నారు. పట్టడం వేరు, బతకడం వేరు. బయట తిరగని కోడికి తలా 4 చదరపు అడుగులన్నా ఉండాలి. ఇరికిస్తే ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి, ఈకలు పీక్కుంటాయి. నేను పెట్టపిల్లలు అమ్ముతాను, ఈ మాట చెబితే నష్టం నాకే. అయినా నాలుగే కొనండి.

పుంజు అక్కర్లేదు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది, ఆ గుడ్డు పొదగడానికి మాత్రం పనికిరాదు. తెల్లారుజామున పక్కింటివాళ్లతో గొడవా ఉండదు.

మామూలు నాటుపెట్ట ఏడాదికి 60 నుంచి 80 గుడ్లు పెడుతుంది. హైదరాబాద్ కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన గ్రామప్రియ అయితే బాగా మేపితే 200 దాకా పెడుతుంది. ఇంటి గుడ్ల కోసమైతే నా ఓటు దానికే. ఒక్కో పెట్ట రోజుకు 100-120 గ్రాములు తింటుంది. నూకలు, కూరగాయల తొక్కలు, అజొల్లా కలిపితే దాణా ఖర్చు తగ్గుతుంది, పూర్తిగా పోదు. నాలుగు కోళ్లతో నెలనెలా ఆదాయం అని చెప్పే వీడియోలు నమ్మొద్దు. మిగిలేది ఇంట్లో పిల్లలకు గుడ్డు, పెరటికి ఎరువు. ఆ ఎరువైనా పచ్చిగా వేస్తే మొక్క మాడిపోతుంది, ఊకతో కలిపి బాగా మాగనివ్వాలి. గూట్లో ఘాటు వాసన వస్తోందంటే ఊక తడిసిందని అర్థం. అప్పుడు పొడి ఊక వేయాలి గానీ అగరొత్తులు కాదు!

ఇక అసలు సంగతి. మన ప్రకృతి సాగు గ్రూపుల్లో "మేం టీకాలు వేయం, అంతా సహజమే" అని గొప్పగా చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. నాకిది అస్సలు నచ్చదు. కొక్కెర తెగులు వైరస్ వల్ల వస్తుంది. పచ్చగా పారుకుంటాయి, మెడ వంకరపోతుంది, రెండు మూడు రోజుల్లో గూడు ఖాళీ. వచ్చాక మందు లేదు. పసుపు, వేపాకు, వెల్లుల్లి పెట్టుకోండి, కాదనను. అవి ఈ తెగులును ఆపవు. టీకా యాంటీబయాటిక్ కాదు, పురుగుమందు అసలే కాదు. దాన్ని మానేసి సహజం అంటే చచ్చేది కోడే. మీ గూట్లో మొదలైంది వీధిలో కూలిచేసుకునే ఆవిడ పది కోళ్లకూ పాకుతుంది. ఆమెకు అవే చేతి ఖర్చులు.

పిల్లకు మొదటి వారంలోనే లసోటా చుక్క కంట్లో పడాలి, నాలుగో వారంలో మళ్లీ ఇంకోసారి. ఎనిమిదో వారంలో ఆర్2బి సూది. ఎదిగిన పెట్టలు కొంటుంటే ఇవి వేశారా అని అడిగి, జవాబు సరిగా రాకపోతే కొనకండి. నాలుగు కోళ్లకు సీసా ఎందుకు అంటారా? నిజమే, ఒక్క సీసాలో చాలా డోసులు ఉంటాయి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. అందుకే కోళ్లున్న ఇళ్లన్నీ ఒక రోజు అనుకుని, పశువుల ఆసుపత్రిలో అడిగి, ఐస్ వేసిన ఫ్లాస్కులో తెచ్చుకోండి. సాయంత్రం కోళ్లు గూట్లో చేరాక వేస్తే పట్టుకోవడం తేలిక. చుక్క ఎలా వేయాలో వచ్చే వీడియోలో చూపిస్తా.