మృదంగం లేని తరంగాల పాఠం

బెంగళూరు సర్జాపుర రోడ్డు పొడవునా లేచిన అపార్ట్‌మెంట్లలో తెలుగు కుటుంబాలు తక్కువేమీ కాదు. అక్కడి పిల్లలు పగలు పీయూసీ (ఇంటర్) భౌతికశాస్త్రంలో తరంగాల పాఠం చదువుతారు. వారిలో కొందరు సాయంత్రం మృదంగం నేర్చుకుంటారు. పొద్దున చదివిందీ సాయంత్రం వాయించిందీ ఒకే శాస్త్రమని వారికి చెప్పేవారు అరుదు. పాఠంలో తీగ ఉంటుంది, గొట్టం ఉంటుంది. తీగ ప్రాథమిక పౌనఃపున్యం 100 హెర్ట్జ్ అయితే అనుస్వరాలు 200, 300, 400 అని వరసగా వస్తాయని సూత్రం చెప్పి, నాలుగు లెక్కలు చేయించి, విస్పందనాల్లోకి వెళ్లిపోతారు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం తబలాను ఒక చిన్న పేరాలో తలుచుకుంటుంది గానీ, గుండ్రటి పొర కంపనాలను లెక్కగట్టడం మరింత క్లిష్టమని చెప్పి ఊరుకుంటుంది. దాని నడుమనున్న నల్లమచ్చ ఊసెత్తదు. అసలు విశేషమంతా ఆ మచ్చలోనే ఉంది కనుక దీన్ని చిన్న లోపమని సరిపెట్టుకోలేం.

సమంగా బిగించిన మామూలు చర్మాన్ని కొడితే పుట్టే పౌనఃపున్యాలు 1, 1.59, 2.14, 2.30, 2.65 నిష్పత్తిలో ఉంటాయి. ఒకదానితో ఒకటి పొసగవు. అందుకే చాలా తోలు వాద్యాల్లో లయ ఉంటుంది గానీ శ్రుతి స్పష్టంగా చెవికందదు. మృదంగం మాత్రం గాయకుడి షడ్జంతో శ్రుతి కలిపి కూర్చుంటుంది. కారణం దాని నడుమ కూడా ఉండే ఆ నల్లమచ్చ, కరణి. ఇనుము పాలున్న నల్లరాతి పొడిని అన్నంతో మెదిపి, నడుమ మందంగా, అంచుల వైపు పలుచగా, పొర మీద పొర పూసి, రాతితో రుద్ది దాన్ని తయారుచేస్తారు. నడుమ బరువు పెరిగేసరికి, మధ్యభాగమంతా పైకీ కిందికీ ఊగే ప్రాథమిక కంపనం నెమ్మదిస్తుంది. రెండో కంపనంలో నడిమధ్య గుండా కదలిక లేని అస్పందన రేఖ పోతుంది కనుక ఆ బరువు దానికి అంతగా తగలదు. మొదటిది కిందికి దిగి, రెండోది ఇంచుమించు ఉన్నచోటే ఉండటంతో 1.59 నిష్పత్తి 2కు చేరుతుంది. ‘నం’ పలికించేవారు ఉంగరపు వేలిని చర్మంపై తేలిగ్గా ఆనించి, చూపుడు వేలితో అంచున కొడతారు. ఆనిన వేలు ప్రాథమికాన్ని అణచివేస్తుంది, రెండో అనుస్వరం పైకి తేలుతుంది. తరగతి గదిలో బల్లమీద చూపించగల ప్రయోగమిది.

ఇదంతా కొలిచి చూపింది సి.వి. రామన్. తండ్రి అధ్యాపక ఉద్యోగం వల్ల విశాఖపట్నంలో పెరిగి, 11వ ఏటనే మెట్రిక్యులేషన్ గట్టెక్కినవాడు. కలకత్తాలో ఉండగా 1920లో శివకాళి కుమార్‌తో కలిసి ‘నేచర్’ పత్రికలో ఈ సంగతి ప్రకటించారు. బెంగళూరు వచ్చాక 1934లో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ పత్రికలో వివరంగా రాశారు. చర్మంపై సన్నటి ఇసుక చల్లి వాయిస్తే, కదలిక లేని గీతల వెంట ఇసుక పోగుపడింది. తొమ్మిది కంపన రీతులు ఐదు అనుస్వరాలుగా సర్దుకున్నాయని అలా తేలింది: మొదటి రెండింటికి ఒక్కో రీతి, మూడుకూ నాలుగుకూ రెండేసి, ఐదుకు మూడు. రామన్ అనగానే 1928 నాటి కాంతి పరిశోధన ఒక్కటే బట్టీపట్టే మన విద్యార్థికి, దానికి ఎనిమిదేళ్ల ముందటి ఈ పని పేరైనా తెలియదు.

పొర కంపనాల గణితం ఇంటర్ స్థాయికి మించినదనే అభ్యంతరం ఉంది. నిజమే, బెసెల్ ప్రమేయాలు ఆ వయసులో అందవు. అయితే అనునాద గొట్టం ప్రయోగంలో వాడే 0.6 వ్యాసార్ధాల అంత్య సవరణనూ మనం నిరూపించి చెప్పడం లేదు, ఫలితం ఇచ్చి వాడిస్తున్నాం. ఇక్కడా అంతే చాలు. ప్రవేశ పరీక్షల్లో రాదు కదా అనేది మరో మాట. పాఠంలో లేనిది పరీక్షలో ఎలా వస్తుంది? ఒక వాద్యం 150, 300, 450 హెర్ట్జ్, మరొకటి 150, 239, 321 హెర్ట్జ్ ఇస్తే దేనికి శ్రుతి ఉందో చెప్పమనడం మంచి ప్రశ్నే. ఫైఫాక్స్ లాంటి ఉచిత యాప్‌తో ఫోన్‌లోనే ఆ అంకెలు చూడవచ్చు.

ఇంతకంటే బరువైన అనుమానం ఒకటుంది: మన పూర్వులకు అన్నీ తెలుసనే గొప్పల డప్పుకు ఇది మరో కర్ర అందిస్తుందేమోనని. ఆ భయం నాకూ సబబే అనిపిస్తుంది. కానీ కరణి పూసినవారి దగ్గర సమీకరణం లేదు. చెవి ఉంది, తరాల తరబడి సరిచూసుకున్న చేయి ఉంది. సమీకరణం భాషలోకి దాన్ని తెచ్చింది రామన్. ఈ తేడాను పాఠం దాచకుండా చెప్పాలి. చర్మంతో పనిచేసిన ఆ చేతులు ఎవరివో కూడా చెప్పాలి. తమిళనాడులో మృదంగం తయారుచేసేవారిలో చాలామంది దళిత క్రైస్తవులని కర్ణాటక సంగీత గాయకుడు టి.ఎం. కృష్ణ 2020లో ‘సెబాస్టియన్ అండ్ సన్స్’లో రాశారు. కచేరీ వేదికపై వారి పేరు వినబడదు, పాఠ్యపుస్తకంలోనైనా కనబడటం న్యాయం.

ఉపాధ్యాయ విద్యపై పనిచేసే అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం సర్జాపుర పక్కనే ఉంది. ఒక మృదంగం, గుప్పెడు ఇసుక, ఒక ఫోన్‌తో ఈ పాఠం నమూనాను అక్కడ తయారుచేయడం పెద్ద పని కాదు. తెలుగు రాష్ట్రాల ఇంటర్ బోర్డులు దాన్ని తెలుగులోకి తెచ్చుకోవాలి. తరంగాల అధ్యాయంలో ఇందుకు ఒక్క పేజీ కేటాయిస్తే చాలు.