టోపీల బట్ట, శ్రావణం చీరలు

బ్రిటిష్ హయాంలో 1872లో వచ్చిన కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ కింద కొన్ని ఉదాహరణలున్నాయి. వాటిలో రెండు చూస్తే చీరాల బట్టల బజార్లో కూర్చుని రాశారా అనిపిస్తుంది. ఫలానా రోజుకి 500 బేళ్ల పత్తి ఇస్తానన్నవాడు ఇవ్వలేదు, పత్తి లేక కొన్నవాడి మిల్లు మూతపడింది. మిల్లు మూతపడటం వల్ల వచ్చిన నష్టం అమ్మినవాడు కట్టక్కర్లేదు. రెండోది టోపీల సంగతి. ఒక్క సీజన్లోనే అమ్ముడుపోయే టోపీల కోసం కొన్న బట్ట ఆలస్యంగా వచ్చింది. కొన్నవాడికి దక్కేది ఒప్పుకున్న ధరకీ, సరుకు అందిన నాటి మార్కెట్ ధరకీ మధ్య తేడా. టోపీల మీద రావాల్సిన లాభం రాదు, కుట్టడానికి చేసుకున్న ఏర్పాట్ల ఖర్చూ రాదు.

టోపీల బదులు శ్రావణం చీరలనుకోండి. హైదరాబాద్ షాపు నుంచి చీరాల మాస్టర్ వీవర్‌కి 200 కుప్పడం చీరల ఆర్డరు వచ్చిందనుకుందాం. జరీ నెల ఆలస్యమైంది, శ్రావణం దాటింది, షాపువాళ్లు ఆర్డరు వద్దన్నారు. మాస్టర్ వీవర్ జరీ వ్యాపారి మీద దావా వేస్తాడు. ఇదంతా శ్రావణానికని ఒప్పందం నాడే అవతలివాడికి తెలుసా అని కోర్టు అడుగుతుంది. తెలిసుంటే పోయిన లాభం అడిగే దారి ఉంది, ఎందుకంటే ఇద్దరికీ ముందే తెలిసిన నష్టాన్ని అదే సెక్షన్ ఒప్పుకుంటుంది. కానీ బిల్లులో బరువూ రేటూ తప్ప ఇంకేమీ లేదు. మిగతాదంతా ఫోన్లో నడిచింది. ఆ నెలంతా మగ్గం ఖాళీగా ఉన్న నేతగాడి పేరు మాత్రం ఏ దావాలోనూ కనిపించదు.

పోయిన డబ్బు నిజమే అయినా లెక్క చూపలేక ఓడిపోవచ్చు. 1947 నాటి ఒక కాన్వాస్ బట్ట బేరం ఇలాగే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సరుకు కాన్పూర్‌లో రైలెక్కి కలకత్తా చేరాలి. బుకింగ్ ఆగిపోయిందని అమ్మినవాడు పంపలేదు. కొన్నవాడు కలకత్తా ధర చూపి నష్టం అడిగాడు. ఒప్పందం కాన్పూర్ డెలివరీకి, కాబట్టి మాట తప్పిన రోజు కాన్పూర్ ధరెంతో చూపాలని 1961లో కోర్టు తేల్చింది. అది అతని దగ్గర లేదు, దావా పోయింది.

అలాగని ప్రతి పైసాకీ రుజువు కావాలని కోర్టులు పట్టుబట్టవు. గుజరాత్‌లో ఒక రోడ్డు కాంట్రాక్టును ప్రభుత్వం అన్యాయంగా రద్దు చేసిన కేసులో, మిగిలిపోయిన పని విలువలో 15 శాతం పోయిన లాభంగా ఇవ్వమని 1984లో సుప్రీంకోర్టే చెప్పింది. కానీ ఆ శాతం పెట్టి లెక్కగట్టడానికి ఒప్పందం విలువ కాగితం మీద ఉంది. చీరాలలో చాలా బేరాలకు ఆ కాగితమే ఉండదు. ఉన్న చిట్టా ఆవర్జాలు కూడా, ఒక్కవాటినే పట్టుకుని అవతలివాడి మీద బాకీ మోపడానికి చాలవని సాక్ష్య చట్టం ఎప్పటినుంచో చెబుతోంది.

గుంటూరు యార్డులో మిర్చికి రకాన్ని బట్టి రోజువారీ ధర నమోదవుతుంది. తేజ రకం ధర ఫలానా రోజు ఎంతో చెప్పడానికి రైతు సాక్షుల్ని వెతుక్కోనక్కర్లేదు. చీరకు అలాంటి బోర్డు లేదు. డిజైను మారితే ధర మారుతుంది కదా అని వ్యాపారులు అంటారు, అందులో నిజముంది. అయినా నూలు, జరీ, రంగు, మజూరీ రేట్లను వర్తక సంఘమే వారం వారం రిజిస్టరులో ఎక్కిస్తే చీర ఖర్చెంతో ఏ వారానికి ఆ వారం తేలుతుంది. ఇది కోట్ల పని కాదు, ఒక గుమాస్తా చేసే పని. దానికయ్యే ఖర్చు వకీలు ఫీజుల ముందు చిన్నదే.

ఆర్డరు కాగితం మీద 'శ్రావణం అమ్మకానికి, ఫలానా తేదీ దాటితే ఆర్డరు పోతుంది' అని ఒక్క వాక్యం చాలు. అదే వాక్యం వాట్సాప్‌లో పంపినా, చట్టం అడిగే సర్టిఫికెట్ జతచేస్తే సాక్ష్యంగా తీసుకుంటారు. 2018 సవరణతో 3 లక్షల రూపాయల తగాదా కూడా కమర్షియల్ కోర్టుకు వెళ్తుంది. అత్యవసర ఉత్తర్వులేవీ అడగని కేసైతే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అక్కడ కూర్చోగానే నష్టం ఎంత, ఎలా లెక్కగట్టారు అనే ప్రశ్నే ముందొస్తుంది.