తేడాగా వచ్చిన రీడింగ్

మా ఇల్లు పాతబస్తీలో, లాల్ దర్వాజ దగ్గర. పండగలప్పుడు మా నానమ్మ గాజు గ్లాసులో నీళ్లు పోసి, పైన నువ్వుల నూనె వేసి, తేలే వత్తి వెలిగిస్తుంది. ఈసారి ఆ పని నాకు అప్పజెప్పింది. రెండు గ్లాసుల్లో ఒక్కో చుక్క వేశాను. ఒకదాంట్లో నూనె వెంటనే పరుచుకుంది. రెండోదాంట్లో గుండ్రంగా నిలబడింది. ఇంకో చుక్క వేస్తే, రెండూ దగ్గరికి జరిగి ఒక్కటయ్యాయి.

నేనైతే వదిలేసేవాణ్ని. నానమ్మ మాత్రం చూసి, "ఆ గ్లాసు మంచిగ కడగలే బిడ్డా, సబ్బు ఉన్నది" అంది. కడిగి మళ్లీ వేస్తే, నిజంగానే పరుచుకుంది!

నేను ఎంసెట్ కోసం సర్ఫేస్ టెన్షన్ ఫార్ములా బట్టీ పట్టినవాణ్నే. తెలుగులో దాన్ని తలతన్యత అంటారని ఈ మధ్యే తెలిసింది. శుభ్రమైన నీటి పైపొర గట్టిగా లాగుతుంది, అందుకే నూనె పరుచుకుంటుంది. సబ్బు ఆ లాగుడు తగ్గిస్తుంది, అందుకే చుక్క చుక్కగానే ఉంటుంది. రెండు చుక్కలు కలిస్తే నీటికి, గాలికి తగిలే నూనె ఉపరితలం మొత్తంగా తగ్గుతుంది కాబట్టి అవి ఒక్కటవుతాయి.

నీటి మీది జిడ్డునే పట్టించుకున్న ఇంకో ఆవిడ ఉంది. జర్మనీకి చెందిన ఆగ్నెస్ పాకెల్స్. అప్పట్లో అక్కడ ఆడవాళ్లకు యూనివర్సిటీలో ప్రవేశం లేదు. ఆమె వంటింట్లోనే ఒక రేకు తొట్టితో ప్రయోగాలు చేసి, 1891 జనవరిలో లార్డ్ రేలీకి ఉత్తరం రాసింది. ఆయన చొరవతో మార్చిలో అది నేచర్ పత్రికలో అచ్చయింది. ఆ దారినే ముందుకు తీసుకెళ్లిన లాంగ్మ్యూర్‌కు 1932లో నోబెల్ వచ్చింది. అదే ఏడాది ఆమెకు గౌరవ డాక్టరేట్ ఇచ్చారు. అప్పటికి ఆమెకు డెబ్బై ఏళ్లు.

మరి మనం ల్యాబ్‌లో ఏం చేస్తున్నాం? సీనియర్ రికార్డు ముందు పెట్టుకుని అబ్జర్వేషన్స్ నింపేస్తాం. రీడింగ్ తేడాగా వస్తే ఫార్ములాకు సరిపోయేలా మార్చేస్తాం. నేనూ అంతే చేశాను. ఆ రెండో గ్లాసు ల్యాబ్‌లో కనిపించి ఉంటే, "ఎర్రర్" అనుకుని కొట్టేసేవాణ్ని. అసలు విషయం ఉన్నది ఆ గ్లాసులోనే.

చదువు ఐదో తరగతితో ఆగిపోయిన నానమ్మ "ఎందుకిట్లయింది?" అని చూసింది. ఇంజనీరింగ్ చదువుతున్న నేను చూడలేదు. ఇది నాకు కొంచెం సిగ్గుగానే ఉంది.

అందుకే ఫ్రెండ్స్, వచ్చే ల్యాబ్‌లో ఒక్క రీడింగైనా మార్చకుండా, వచ్చింది వచ్చినట్టు రాద్దాం. ఎందుకలా వచ్చిందో పక్కన రెండు లైన్లు రాద్దాం. ఒకటో రెండో మార్కులు పోతాయేమో. పోనీండి.