‘మనసులో ఉంటాయి కదా’ అనేవాళ్లతో పేచీ

హార్డ్ డిస్క్ పోయి ఫోటోలన్నీ పోయాయని ఎవరైనా బాధపడుతుంటే, పక్కనే ఉన్న సాహిత్యాభిమాని ఒకరు తప్పకుండా ఒక మాట అంటారు: “పోతే పోనివ్వండి, అసలు జ్ఞాపకాలు మనసులో ఉంటాయి కదా!” ఆ మాటతో నాకు పేచీ ఉంది. వినడానికి ఓదార్పులా ఉంటుంది గానీ, అది బద్ధకానికి కప్పిన కవిత్వపు దుప్పటి. మనసులో ఉండవండీ. ఉంటే, మూడేళ్ల క్రితం పోయిన మనిషికి పుట్టుమచ్చ ఎడమ చెంప మీద ఉండేదా, కుడి చెంప మీదా అని ఇంట్లోవాళ్లే వాదించుకునే పరిస్థితి ఎందుకొస్తుంది?

నేనుండేది తుర్కయంజాల్‌లో. ఎల్బీనగర్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని బీఎన్ రెడ్డి నగర్, ఇంజాపూర్ దాటి వస్తే మాసబ్ చెరువు పక్కన మా ఊరు. పొలాలు ప్లాట్లయి, ప్లాట్లు ఇళ్లయి, పంచాయతీ కాస్తా మునిసిపాలిటీ అయిన ఊరు. మా కాలనీలో నాకు ‘కంప్యూటర్ తెలిసిన మనిషి’ అని ఎలాగో పేరొచ్చింది. వైఫై రాకపోయినా, ప్రింటర్ కదలకపోయినా మా గేటే కొడతారు. పోయినేడు పక్క వీధిలో ఉండే రిటైర్డ్ టీచరమ్మ ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌ని టవల్‌లో చుట్టి తెచ్చింది. “గిది టిక్కుటిక్కు మంటుంది బిడ్డా, కంప్యూటర్ల కనవడ్తలేదు. మా సారు ఫోటోలన్నీ గిండ్లనే ఉన్నయి” అంది. సారు అంటే ఆమె భర్త. మూడేళ్ల క్రితం పోయాడు.

ఆ టిక్కుటిక్కు ఏమిటో కొంచెం చెప్పాలి. హార్డ్ డిస్క్ లోపల అద్దంలా మెరిసే పళ్లేలు నిమిషానికి కొన్ని వేల చుట్లు తిరుగుతుంటాయి. వాటి మీద, తగలకుండా, కొన్ని నానోమీటర్ల ఎత్తున చదివే హెడ్ తేలుతుంటుంది. మన వెంట్రుక మందంతో పోలిస్తే ఆ ఎడం వేల వంతుల్లో ఒక వంతు. దుమ్ము రేణువు అక్కడ బండరాయే. కింద పడ్డప్పుడో, అరిగిపోయినప్పుడో హెడ్ దారి తప్పుతుంది, చదవడానికి మళ్లీ మళ్లీ వెళ్లి ఓడిపోయి వెనక్కి వస్తుంది. ఆ చప్పుడే మనకి వినబడేది. ఆ దశలో చేయాల్సిన పని ఒక్కటే: తీగ పీకేసి పక్కన పెట్టడం. మళ్లీ పెట్టి చూసిన ప్రతిసారీ పళ్లెం మీద గీత పడే ప్రమాదం పెరుగుతుంది. టీచరమ్మ మేనల్లుడు వారం రోజులు రకరకాల కంప్యూటర్లకు పెట్టి చూశాడు. తర్వాత ఏదో షాపులో ఫ్యాను కింద బల్ల మీద పెట్టి మూత విప్పి చూశారు. దుమ్ము లేని గదిలో, చేతులకు గ్లవ్స్ వేసుకుని తీయాల్సిన మూత అది. ఆ తర్వాత పెద్ద ల్యాబ్ ఒకటి ఆమె నెల పెన్షన్ కంటే ఎక్కువ అడిగి, గ్యారంటీ మాత్రం లేదంది. అక్కడికి ఆ డిస్క్ కథ ముగిసింది.

కానీ ఇంట్లో ఒక పాత ల్యాప్‌టాప్ ఉంది. సారు ఒకప్పుడు వాడింది. మనవడి ఆన్‌లైన్ క్లాసుల కోసమని 2020లో ఫార్మాట్ చేసేశారు. పాత హార్డ్ డిస్కుల్లో మామూలు ఫార్మాట్ అంటే పుస్తకం చివరి విషయసూచిక చింపేయడం లాంటిది, పేజీలు చాలావరకు అక్కడే ఉంటాయి. ఫోటోరెక్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది. అది సూచికతో పని లేకుండా డిస్క్ మొత్తం వెతికి, ఎక్కడెక్కడ జేపెగ్ ఫోటో మొదలయ్యే గుర్తులున్నాయో చూసి బయటకు లాగుతుంది. ఇప్పటి ఎస్‌ఎస్‌డీ అయితే ఈ అదృష్టం కూడా ఉండేది కాదు. అందులో ట్రిమ్ అనే ఏర్పాటు చెరిపేసిన చోటుని నిజంగానే ఖాళీ చేసేస్తుంది.

పదకొండు వేల ఫైళ్లు బయటపడ్డాయి. పేర్లు లేవు, ఫోల్డర్లు లేవు. ‘శ్రీశైలం 2009’ అని సారు ఓపికగా టైప్ చేసిన పేరు పోయి, దాని చోట ఎఫ్ అనే అక్షరం, వెనక ఏడెనిమిది అంకెలు. పెళ్లి ఫోటో పక్కన వెబ్‌సైట్ల బొమ్మలు, దాని పక్కన గుడ్ మార్నింగ్ గులాబీలు. కెమెరాతో తీసినవాటిలో తేదీ ఫోటో లోపలే దాగి ఉంటుంది. ఎక్సిఫ్ అంటారు. వాటిని తేదీల వారీగా పేర్చాను. వాట్సాప్‌లో వచ్చినవాటికి ఆ తేదీ కూడా ఉండదు. ఫోటోగా పంపేటప్పుడు వాట్సాప్ దాన్ని నలిపి చిన్నది చేస్తుంది, లోపలి తేదీని తీసేస్తుంది. ‘వాట్సాప్‌లో పెట్టాంగా, ఉంటాయిలే’ అనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

టీచరమ్మ నాలుగు ఆదివారాలు వచ్చి కూర్చుంది. ఒక్కో ఫోటో చూసి ఎవరిదో, ఎక్కడిదో చెప్పింది, నేను రాశాను. మాసబ్ చెరువు కట్ట మీద సారు స్కూటర్ పెట్టుకుని నిలబడ్డ ఫోటో ఒకటి వచ్చింది. వెనక ఒక్క ఇల్లు లేదు, అంతా పొలమే. “గీడ గా తాటిచెట్టు దగ్గరనే మనిల్లు వొచ్చింది బిడ్డా” అంది. ఆ తాటిచెట్టు ఉండేదన్న సంగతి ఆ ఫోటో కనబడే క్షణం దాకా తనకీ గుర్తు లేదట. మనసులో ఉంటాయనేవాళ్లకు నా జవాబు ఇదే. మనసు గది లాంటిదైతే ఫోటో దాని తాళంచెవి. తాళంచెవి పోగొట్టుకుని, గది ఉంది కదా అని మురిసిపోవడం ఏం తెలివి?

ఇక రెండో రకం వాళ్లు. “డిజిటల్ అంతా మాయండీ, పాత ఆల్బమే నయం” అంటారు. 2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానకి సరూర్‌నగర్, మీర్‌పేట వైపు ఎన్ని కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయో ఈ తూర్పు హైదరాబాద్‌లో ఎవర్నడిగినా చెబుతారు. మంచం కింద ట్రంకుపెట్టెలో దాచిన ఆల్బమ్ ఏ గతి పట్టిందో ఆ బురద తోడినవాళ్లకి తెలుసు. అయినా పాతకాలంలో మేలైనది ఆల్బమ్ కాదు, దానితో పాటు స్టూడియోవాళ్లు పొడుగు కవర్లో పెట్టిచ్చిన నెగటివ్‌లు. రెండో కాపీ అడక్కుండానే చేతికొచ్చేది. మనం ఆ కవర్ని గోధుమరంగు చెత్తగా చూసి పారేశాం. కాగితమైనా డిస్కయినా ప్రాణం మీదికొచ్చేది కాపీ ఒక్కటే ఉన్నప్పుడు.

మూడో రకం వాళ్లు మీరే, ఈ వ్యాసం ఫోన్లో చదువుతున్నవాళ్లు. “గూగుల్ ఫోటోస్ ఉంది కదా?” ఉంది. 2021 జూన్ 1 దాకా లెక్కలేకుండా ఉచితమంది, తర్వాత పదిహేను జీబీ దాటితే డబ్బు కట్టమంది. రెండేళ్లు ఎవరూ వాడని ఖాతాలను చెరిపేయడం 2023 డిసెంబర్ నుంచి మొదలుపెట్టింది. వాళ్లది వ్యాపారం, వాళ్ల నియమాలు వాళ్లవి. కానీ టీచరమ్మ సారు ఫోన్లోంచి కూడా ఫోటోలు ఎక్కడో పైకి వెళ్లే ఉంటాయి. పాస్‌వర్డ్ ఆయనతోనే పోయింది. ఓటీపీ వచ్చే నంబర్ రీచార్జ్ చేయక ఆగిపోయింది. పైగా ఇలాంటి యాప్‌లు చేసేది ముఖ్యంగా సింక్, అంటే రెండు చోట్లా ఒకేలా ఉంచడం. ఇక్కడ పొరపాటున చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. చెత్తబుట్టలో కొన్నాళ్లు ఉంచుతుందనుకోండి, గమనించకపోతే అదీ అంతే. బ్యాకప్ అంటే ఒకచోట జరిగిన తప్పు రెండోచోటికి చేరకుండా ఉండాలి.

సాహిత్యం చదివేవాళ్లకి ఈ సంగతి ఒకరు చెప్పాలా అని నా ఆశ్చర్యం. ఇవాళ మనం ప్రాచీన తెలుగు సాహిత్యం అంటున్నదంతా ఎవరో కాపీ చేయబట్టి మిగిలినదే. తాటాకు శాశ్వతం కాదని మన పూర్వులకు తెలుసు. చెదలకి, చెమ్మకి లొంగకముందే కొత్త ఆకుల మీదికి ఎక్కించేవారు. ఎక్కించనివి పోయాయి. అవి ఎంత గొప్పవో చెప్పడానికి కూడా ఎవరూ లేరు. సి.పి. బ్రౌన్ కడపలో తన బంగళాలో పండితుల్నీ లేఖకుల్నీ జీతాలిచ్చి కూర్చోబెట్టి ఊరూరి ప్రతులు తెప్పించి నకళ్లు రాయించాడు, పాఠాలు పోల్పించాడు, 1829లో వేమన పద్యాలు అచ్చువేశాడు. నన్నెచోడుడి కుమారసంభవం 1909లో మానవల్లి రామకృష్ణకవి అచ్చుకెక్కించేదాకా మన చర్చల్లోనే లేదు. ఆ తాటాకుల్ని ముందే పురుగు తినేసి ఉంటే? ‘మనసులో ఉంటుంది కదా’ అని సరిపెట్టుకునేవాళ్లమా?

అంతదూరం ఎందుకు, మీలో చాలామంది పాత తెలుగు పుస్తకాలు వెతికేది ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో. అందులో పెద్ద భాగం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కోసం స్కాన్ చేసినవి. 2017 ప్రాంతంలో ఆ సైటు మూతపడింది. అంతకుముందే కొందరు వాటిని దించి ఇంకోచోట పెట్టారు కాబట్టి మనకి మిగిలాయి. ప్రభుత్వ ప్రాజెక్టుకే అలా అయితే, మన అల్మారాలో డిస్క్ ఏపాటి?

పెద్ద కంపెనీలూ ఇందుకు మినహాయింపు కాదు. 1998లో పిక్సార్‌లో టాయ్ స్టోరీ 2 తయారవుతుండగా ఎవరో ఇచ్చిన ఒక్క కమాండ్‌తో సినిమా ఫైళ్లు చాలావరకు చెరిగిపోయాయి. బ్యాకప్ ఉందిగా అని చూస్తే అది సరిగ్గా పనిచేయడం లేదని అప్పుడు తెలిసింది. గాలిన్ సస్మన్ అనే ఉద్యోగిని బిడ్డ పుట్టడంతో ఇంటి నుంచి పనిచేస్తూ, ఇంట్లో ఒక కాపీ ఉంచుకుంది. సినిమాను గట్టెక్కించింది ఆ కాపీయే. తెరిచి చూసుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

డ్రైవులు ఎంత తరచుగా పోతాయి అంటారా? రెండు లక్షలకు పైగా డ్రైవులు నడిపే బ్యాక్‌బ్లేజ్ అనే కంపెనీ ఏటా లెక్కలు ప్రకటిస్తుంది. 2023లో దాని లెక్క సుమారు 1.4 శాతం. తక్కువే అనిపిస్తుంది. అది ఏసీ గదుల్లో, కదలకుండా, నిపుణుల కళ్లెదుట ఉన్న డ్రైవుల లెక్క. మీది పిల్లల చేతుల్లో, బ్యాగుల్లో, ఎండలో తిరిగేది. పైగా ఏడాదికొకసారి చొప్పున ఎన్నేళ్లు ఆ పరీక్ష రాయిస్తారు దానిచేత?

చేయాల్సింది ఎప్పుడో తెలిసిన సంగతే. అమెరికన్ ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన మూడు-రెండు-ఒకటి లెక్క: మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి ఇంకో ఊళ్లోనో ఇంకో ఇంట్లోనో. మనవాళ్లకి ఇది కష్టమేం కాదు. ప్రతి ఇంటికీ ఒక అన్న అమెరికాలోనో, ఒక చెల్లెలు వరంగల్‌లోనో ఉంది. ఆవకాయ జాడీ పంపేటప్పుడు చిన్న డిస్క్ ఒకటి దానితో పంపడానికి ఏమడ్డం? దసరాకి ఆయుధపూజ అని కంప్యూటర్‌కి కూడా బొట్టు పెడతాం. ఆ బొట్టు పెట్టే రోజే ఏడాది ఫోటోల కాపీ తీసి, పాత డిస్క్ తగిలించి నాలుగు ఫోటోలు తెరిచి చూస్తే పూజకి ఒక అర్థముంటుంది.

“ఇన్ని వేల ఫోటోలు ఎవరు చూస్తారండీ” అన్నది చివరి అభ్యంతరం. నిజమే, ఎవరూ చూడరు. అందుకే ఏడాదికి ఓ వంద ఏరండి. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని ఒక్క వాక్యం రాయండి. చెప్పగలిగినవాళ్లు ఉండగానే రాయండి. ఎందుకంటే ఫోటోని యంత్రం వెనక్కి తేగలదు గానీ పేరుని తేలేదు. పైగా ఇవి మీ ఇంటివి మాత్రమే కావు. తుర్కయంజాల్ లాంటి ఊళ్లు ఇరవై ముప్పై ఏళ్లలో గుర్తుపట్టలేనంత మారిపోయాయి. ఆ మార్పుకి చిత్రపటం ఏ కార్యాలయంలోనూ లేదు. ఎవరో స్కూటర్ పక్కన నిలబడి దిగిన ఫోటోల వెనక, దూరంగా, అనుకోకుండా పడింది.

కాబట్టి ఈ ఆదివారం ఒక పని చేయండి. మీ ఇంట్లో ఎవరి ఫోటోలు ఒక్కచోటే ఉన్నాయో కనుక్కోండి. బహుశా అమ్మ ఫోన్లో ఉంటాయి. దాన్ని ఛార్జింగ్‌కి పెట్టి కాపీ మొదలుపెట్టండి. పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసి ఇంటి పత్రాలు పెట్టే బీరువాలో పెట్టండి. కాపీ అవుతున్నంతసేపూ అమ్మ పక్కన కూర్చుని, ఫోటోలో ఉన్నదెవరో అడిగి రాసుకోండి.